మూడో చీటీ

మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ పూజ అల్మారా దగ్గరే జరిగేవి. రెండు చీటీలు రాసి, మడిచి, కుంకుమ భరిణ పక్కన పడేసి, దణ్ణం పెట్టుకుని ఒకటి తీసేవాళ్ళం. అమెరికాలో అల్ఫారెట్టా నుంచి జెర్సీ సిటీకి, అక్కణ్ణుంచి చాండ్లర్‌కి మమ్మల్ని తోలినవి ఆ చీటీలే. ఊరు నచ్చకపోతే నింద దేవుడిది. ఆయన ఎదురు చెప్పడు. ఇంట్లో ఎదురు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే.

కిందటి వేసవిలో నాకు మళ్ళీ జెర్సీ సిటీలో పెద్ద ఉద్యోగం వచ్చింది. వెంటనే చేరమన్నారు. మా అమ్మాయికి హైస్కూల్ ఆఖరి ఏడాది మొదలవబోతోంది. చీటీ తీస్తే ‘వెళ్ళాలి’ అని వచ్చింది.

అమ్మాయి ఏడవలేదు. స్కూల్లో చదివిన పాత గ్రీకు వీరగాథ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది.

“ఇందులో ఒక వారియర్ కోపంతో కత్తి తీస్తాడు, మమ్మీ. దేవత వెనకనుంచి వచ్చి జుట్టు పట్టుకుంటుంది.”

“ఇంకేం, ఆవిడే ఆపేసింది. దేవతలు ఆడిస్తుంటే మనుషులు ఆడారు. దీనికింత లావు పుస్తకమా?”

“నో. వింటావా అని ఫస్ట్ అడుగుతుంది. కత్తి లోపల పెట్టేది అతనే.”

“దేవత జుట్టు పట్టుకుంటే ఎవరు వినరే? నేను జడ వేస్తుంటే నువ్వు కదులుతావా?”

“ఎవ్రీ డే కదులుతా.”

మా ఆయన నవ్వు కనపడకుండా మజ్జిగ గ్లాసు ఎత్తారు.

“చీటీ గాడ్ ఇచ్చాడు, ఓకే మమ్మీ. రాసింది నువ్వు. వెళ్ళాలి, వద్దు, రెండే రాశావ్. వన్ ఇయర్ తర్వాత అని మూడోది ఎందుకు రాయలేదు?”

లేచి వెళ్ళి భరిణ పక్కనున్న చీటీలు రెండూ విప్పి చూశాను. మూడోది రాయాలని నాకు తట్టనే లేదు.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేసి ఏడాది ఆగగలరా అని అడిగాను. కుదరదన్నారు. అయితే నేను రానన్నాను, ఏ చీటీ తీయకుండా, నా నోటితో నేనే. ఇది తప్పైతే తిట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు.

తిట్టుకోవాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. ఆ ఏడాదంతా సాయంత్రాలు ఇల్లు అమ్మాయి స్నేహితులతో, మా వాదనలతో మోగిపోయింది. దేవుడికి దీపం పెట్టినప్పుడల్లా ఆ పుస్తకాన్ని పాఠంగా చెప్పిన టీచరుకు కూడా ఒక దణ్ణం పెట్టుకుంటాను.

గ్రాడ్యుయేషన్ రోజు పొద్దున టోపీ కింద జడ వేయమని అమ్మాయి నా ముందు కూర్చుంది.

“కదలకు,” అన్నాను.

“ఫస్ట్ అడగాలి, మమ్మీ.”

అడిగాను. జడ పూర్తయ్యేదాకా కదల్లేదు.