టేపు ఆగిన చోట

దేవునికి స్తోత్రం. నోట మాట రానివారి మూలుగును ప్రార్థనగా వినేవాడు ఆయన. జీపు వెళ్లని గూడేలకు సేవకుడి కంటే ముందే నడిచి వెళ్లేవాడు ఆయన. తెలిసి చేసిన తప్పును, తెలియక చేసిన తప్పును, భక్తి అనుకుని చేసిన తప్పును కూడా క్షమించేవాడు ఆయనే. నేను చెప్పబోయేది ఆ మూడో రకం తప్పు గురించి.

తొంభైల మధ్యలో, వాక్య శిక్షణ పూర్తి కాగానే, సంఘం నన్ను ముంచింగిపుట్టు వైపు కొండల్లోకి పంపింది. నా వంతుకు పదకొండు గూడేలు వచ్చాయి. జీపు దిగాక అంతా కాలినడకే. ఒక్కో గూడేనికి నెలకోసారి చేరితే గొప్ప. వానల్లో గెడ్డలు పొంగితే రెండు నెలలైనా పోలేను. అక్కడ చదువు వచ్చినవాళ్లు దాదాపు లేరు. అందుకని సువార్త అధ్యాయాలు నేనే చదివి, క్యాసెట్లలోకి ఎక్కించి, గూడేనికి ఒకటి చొప్పున ఇచ్చి వచ్చేవాణ్ని. నేను లేని ఆదివారం వాళ్లు ఆ క్యాసెట్టు పెట్టుకుని కూర్చునేవాళ్లు.

ఆ క్యాసెట్లు కొన్నవి కావు. పాడేరులో మేము కూడుకునే ఇంటి అటక మీద ఒక అట్టపెట్టె ఉండేది. చాలా ఏళ్లు కొండల్లో పనిచేసి తన దేశానికి వెళ్లిపోయిన ఒక నర్సమ్మ దాన్ని వదిలి వెళ్లింది. అందులో నలభై దాకా క్యాసెట్లు ఉన్నాయి. అన్నీ ఆమె ఇంట్లో గ్రామఫోను రికార్డుల నుంచి ఎక్కించుకున్నవే. అట్టల మీద ఆమె చేతిరాత నాకు అర్థం కాని భాషలో ఉండేది. ఒకటి రెండు పెట్టి విన్నాను. పాట లేదు, మాట లేదు. వందమంది ఒకేసారి వాయిస్తున్నట్టు వయొలిన్లు, బాకాలు, డోళ్లు. వీటితో మాకేం పని అనుకుని, అట్టలు చించి పారేసి, వాటి మీదే వాక్యం చదివాను.

అక్కడ ఒక పొరపాటు చేశాను. క్యాసెట్టు ఒక్కో వైపు అరగంట. నా అధ్యాయం పదిహేను నిమిషాల్లో అయిపోయేది. అయిపోగానే మీట నొక్కి ఆపేసేవాణ్ని. మిగతా సగంలో పాత వాద్యం అలాగే ఉండిపోతుందన్న సంగతి నాకు తట్టలేదు.

ఒక వానాకాలం గడిచాక, అన్నిటికంటే పైనున్న గూడేనికి వెళ్లాను. అక్కడ ఐదు విశ్వాస కుటుంబాలు. టేపురికార్డరు సంఘపెద్ద ఇంట్లో, చోళ్లు, అంటే రాగులు, పోసుకునే గాదె మీద ఉండేది. ఆయన ఒక చిన్న కాఫీ తోట రైతు. బ్యాటరీలు నీరసించినప్పుడల్లా వాటిని రాతి మీద ఎండబెట్టి మళ్లీ వేసేవాడు. అలా ఒక జత ఆయనకు మూడు నెలలు వచ్చేది.

నేను వెళ్లేసరికి ఆ గూడెంలో ఒక పిల్ల చనిపోయి నెల దాటింది. ఎనిమిదేళ్ల పిల్ల. తల్లీతండ్రీ లేకపోతే అవ్వే పెంచింది. జ్వరం మూడు రోజులే ఉందట. నాకు కబురు పంపారు గాని గెడ్డ దాటి ఎవరూ రాలేకపోయారు.

"నువ్వు రాలేదు బాబూ," అంది అవ్వ. "నీ డబ్బా వచ్చింది."

ఆమె మాటలో నింద లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సమాధి నుంచి మనిషి లేచి వచ్చిన అధ్యాయం ఉన్న క్యాసెట్టును గుమ్మంలో పెట్టారట. నా చదువు అయిపోయి వాద్యం మొదలైంది. అది నిదానంగా, అడుగులో అడుగు వేసుకుంటూ పోయే వాద్యం. సంఘపెద్ద డబ్బా పట్టుకుని ముందు నడిచాడు. వెదురు తడక మీద పిల్లను ఎత్తుకుని మిగతావాళ్లు ఆ నడకలోనే వెనక నడిచారు. గొయ్యి దగ్గరికి చేరి దింపేసరికి టేపు 'టక్' మని ఆగింది. ఆ చప్పుడుకే అవ్వ మొదటి పిడికెడు మట్టి వేసింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వాక్యం అయ్యాక వాళ్లంతా లేచి, చేతులు కట్టుకుని, టేపు ఆగేదాకా నిలబడుతున్నారు. 'టక్' అన్నాకే ఆమేన్ చెప్పి కూర్చుంటున్నారు.

నా ముందే అలా చివరిదాకా విన్నారు. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఇంత వాక్యం చెబితే వీళ్లు చివరికి లోకపు వాద్యానికి చేతులు కడుతున్నారా అనుకున్నాను. బంగారు దూడ దగ్గర జనం నిలబడ్డట్టే కనబడింది. ఇప్పుడే చెరిపేస్తాను అన్నాను.

"సెరపకు బాబూ," అంది అవ్వ. "సచ్చిపోయిన గుంటని దాంతోనే తీసుకెల్లాం."

"అందులో మాటే లేదు కదా అవ్వా. మాట లేనిదాంతో దేవుడికి ఏం చెబుతున్నారు?"

"నాకు మాత్రం మాటలేటొచ్చు? నీ తెలుగు సగం తెలీదు నాకు. అదైతే మొత్తం తెలుత్తాది."

సంఘపెద్ద నేల చూపులు చూస్తూ, "బాబు సదువుకున్నోడు, ఊరుకో," అన్నాడు ఆమెతో.

నేను అధ్యాయం చివరిదాకా తిప్పి, కొత్తగా ఎక్కించే రెండు మీటలూ కలిపి నొక్కాను. చక్రాలు తిరగడం మొదలైంది. అలవాటు కొద్దీ వాళ్లు లేచి నిలబడ్డారు. టేపు చివరికి వస్తుండగా అవ్వ అడిగింది, "అయిపోనాదా?"

"అయిపోయింది," అన్నాను. టేపు 'టక్' మని ఆగింది. ప్రభువు కోసం పని చేశానన్న తృప్తితో కొండ దిగాను.

తరువాత నాకు వేరే వైపు గూడేలు అప్పజెప్పారు. ఆ పై గూడేనికి మళ్లీ వెళ్లేసరికి మూడేళ్లు దాటింది. ఆదివారం అదే క్యాసెట్టు పెట్టారు. నా చదువు ముగిసింది. వాళ్లు లేచారు. ఎందుకు లేచారో నాకు అర్థం కాలేదు. అప్పుడు డబ్బాలోంచి ఒక కోడి కూత వినబడింది. ఎక్కడో రోట్లో దంచుతున్న చప్పుడు. నా దగ్గు. ఆ రోజు మీటలు నొక్కినప్పుడు డబ్బా లోపలి మైకు ఆ గదినంతా పట్టుకుందన్న మాట. మూడేళ్లుగా వీళ్లు ప్రతి ఆదివారం దానికి నిలబడుతున్నారు. చివర్లో అవ్వ గొంతు: "అయిపోనాదా?" నా గొంతు: "అయిపోయింది." టక్.

ఎంత పొడిగా ఉంది నా గొంతు. నేను మోకాళ్ల మీద పడ్డాను. ఆ పిల్ల కోసం ఈ భూమ్మీద జరిగిన ప్రార్థన నేను చెరిపేసిన ఆ వాద్యమొక్కటే. సేవకుణ్నైన నేను రాలేదు. ప్రభువు ఎవరో నర్సమ్మ పెట్టెలోంచి, ఎవరో వాయిద్యగాళ్ల చేత ఆ ప్రార్థన పంపాడు. దాన్ని నా వేళ్లతో తుడిచేశాను.

"మళ్లీ తెచ్చి ఇస్తాను అవ్వా," అన్నాను.

"పేరు తెలుసా దానికి?"

తెలియదు. అట్టలు చించింది నేనే.

విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా క్యాసెట్ల దుకాణాల్లో నిలబడి ఆ నడకను ముక్కుతో తీసి వినిపించేవాణ్ని. కుర్రాళ్లు నవ్వేవాళ్లు. ఇలా కొన్నేళ్లు గడిచాయి. చివరికి ఒక దుకాణదారు, "ఇలాంటివి వినే ముసలాయన ఒకరున్నారు," అని ఒక ఇంటి గుర్తులు చెప్పాడు. ఆయన రైల్వేలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా అరకు లైను సొరంగాల్లో పనిచేశారట. మా విశ్వాసి కాదు. నేను రెండు వరసలు మూలుగుతుండగానే చెయ్యెత్తి ఆపి, ఒక సీడీ తీశారు.

"దీన్ని సింఫనీ అంటారు పాస్టరుగారూ. రాసినాయన పోయి నూరేళ్లు దాటింది. నాలుగు భాగాలు. మీరు పాడింది రెండోది. పాడింది అనొచ్చో లేదో మరి."

అదే. విన్న వెంటనే నా కళ్లు నిండాయి. ఆయన తన సీడీ ప్లేయరు కూడా అరువిచ్చారు. నేను ఆ వారమే కొండెక్కాను.

అవ్వ బాగా వంగిపోయింది. పిల్ల సమాధి దగ్గరే పెట్టమంది. పెట్టాను. కాసేపు వింది. తల అడ్డంగా ఊపింది.

"వీల్లు బేగి ఎల్లిపోతన్నారు. ఉత్త సేతుల్తో నడుత్తన్నారు బాబూ."

"అదే ఇది అవ్వా. పెద్ద చదువున్నాయన చెప్పారు."

"ఆయన మోసేడేటి?"

విశాఖపట్నం వెళ్లి ఇది చెబితే ఆ ఇంజినీరు పెద్దాయన నవ్వలేదు. ఒకే సింఫనీని వేర్వేరు వాద్యబృందాలు వాయిస్తాయని, నడిపించే మనిషిని బట్టి ఒకరిది వేగం, ఒకరిది నిదానం అని చెప్పారు. అదే భాగాన్ని మరో మూడు బృందాలు వాయించినవి వినిపించారు. ఒకరికీ ఒకరికీ నాలుగు నిమిషాల తేడా ఉంది. అన్నీ విని, అయినా గూడెం టేపులోది ఇంకా నిదానం, ఇంకా బొంగురు అన్నాను.

"ఎందులో పెట్టారు వాళ్లు?"

ఎండలో పెట్టిన బ్యాటరీల సంగతి చెప్పాను. "నీరసించిన బ్యాటరీకి టేపు నెమ్మదిగా తిరుగుతుంది. ఆవిడ విన్నది లోకంలో ఏ దుకాణంలోనూ దొరకదండి," అన్నారు. తరువాత ఉన్నవాటిలో అన్నిటికంటే నిదానమైనదాన్ని తొంభై నిమిషాల క్యాసెట్టులోకి ఎక్కించారు. దాని ముందు నా అధ్యాయం మళ్లీ చదివించారు. నేను చదువుతున్నంతసేపూ ఆయన తల వంచుకుని కూర్చున్నారు.

ఈసారి గూడెంలో సంఘపెద్దను పాత డబ్బానే తెమ్మన్నాను. బ్యాటరీలు మార్చొద్దన్నాను. "మార్సడానికి ఉంటే కదా," అన్నాడాయన. అందరం సమాధి చుట్టూ నిలబడ్డాం. డబ్బా పెట్టక ముందు నేను అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని, తప్పు చేశాను క్షమించమని అడిగాను.

"సదువుకున్నోడివి. నీకెలా తెలుత్తాది," అంది. నా తల మీద చెయ్యి పెట్టి, అక్కడే ఉంచింది.

అధ్యాయం అయింది. వాద్యం వచ్చింది. వయొలిన్లు బొంగురుగా, ఒక్కొక్క అడుగూ తడుముకుంటూ వచ్చాయి. అవ్వ కళ్లు మూసుకుంది. "ఇదేనా?" అని అడిగాను.

"కాదు," అంది. ఇంకాస్త విని, "వీల్లూ మోత్తన్నారు," అంది.

పాత క్యాసెట్టు ఆగిన చోటు వచ్చింది. ఆమెకు ఆ చోటు కంఠస్థం. వంగి పిడికెడు మట్టి తీసింది. టక్ అనలేదు. వాద్యం ఆగలేదు. తొంభై నిమిషాల క్యాసెట్టులో ఇంకా టేపు ఉంది. ఆమె కళ్లు తెరిచి నా వైపు చూసింది.

"ఇంకా ఉందా?"

"ఉంది అవ్వా."

ఆ సంగతి నాకూ అంతవరకు గుర్తు రాలేదు. వాళ్లు ఇన్నేళ్లూ విన్నది మధ్యలో తెగిన వాద్యం. రాసినాయన దాన్ని అక్కడ ముగించలేదు. ఆమె మట్టిని గుప్పిట్లో పట్టుకుని, చివరి స్వరం దాకా, చేతిని దించకుండా నిలబడింది. అంతా అయ్యాక వేసింది. మేము ఆమేన్ అన్నాం.

ఇది చదువుతున్న సోదరీ సోదరులారా, ఏ సేవకుడూ రాకుండా మట్టిలోకి వెళ్లిన బిడ్డలు మన కొండల్లో చాలామంది ఉన్నారు. పుస్తకం పక్కన పెట్టి, కాసేపు లేచి నిలబడి, నాతో కలిసి వాళ్ల కోసం ప్రార్థించండి. మాటలు రాకపోతే ఊరికే నిలబడండి, ఆయన వింటాడు. మనం ఆగిపోయింది అనుకున్న చోట ఆయన ఆపలేదని నమ్మే బలం ఆ అవ్వకిచ్చినట్టే మనకూ ఇమ్మని అడగండి.