అందరం తిన్న కజ్జికాయలు

నాతో చదువుకున్న ఒకావిడ నిన్న కజ్జికాయల ఫొటో పెట్టి, "ఆ రోజుల్లో కులమేంటి, మతమేంటి! క్రిస్మస్‌కి సరోజ వాళ్లమ్మ పంపితే అందరం తిన్నాం" అని రాసింది.

ఆ సరోజని నేనే. అప్పట్లో కులం లేదనేది ఎవరో తెలుసా? కులం వల్ల ఏమీ పోనివాళ్లు.

గుర్తుందా తల్లీ, నేను ఏడు పాసైతే మీ అమ్మగారు నీ పాత పరికిణీ ఇచ్చారు. బదులు కొనివ్వడానికి మా దగ్గర ఏముంది? ఆ ఏడు క్రిస్మస్‌కి అమ్మ కాలవలో కొట్టుకొచ్చిన కొబ్బరికాయలు ఏరి, బెల్లం కలిపి కజ్జికాయలు చేసింది. అచ్చు లేక అంచులు వేళ్లతో జడలా అల్లింది. మాకు ఒక్కటీ పెట్టకుండా అన్నీ మీ ఇంటికే పంపింది.

ఆ సాయంత్రం మీ గొడ్లసావిట్లో పనిచేసే మా పిన్ని కొంగులో మూటకట్టి తెచ్చింది.

"అమ్మగారు గేదెకి పెట్టెయ్యమన్నారక్కా. బాగానే ఉన్నాయి, పిల్లలు తింటారని తెచ్చేను."

మేం ఎగబడ్డాం. అమ్మ ఒకటి తీసుకుని ఆ జడ అంచు తడిమింది.

"తినండి," అంది.

మర్నాడు మీ అమ్మగారు వీధిలో అమ్మని ఆపారు.

"ఏమే కరుణా, నీ కజ్జికాయలు ఎంత కమ్మగా ఉన్నాయే! అందరం తిన్నాం."

"ఆయ్, సంతోషమండి," అంది అమ్మ.

ఆ ఫొటో కింద లైకులు కొట్టిన మన బ్యాచ్ వాళ్లంతా వినండి. అందరం తిన్నాం, నిజమే. మా ఇంట్లో అందరం. అమ్మ తప్ప.