అయ్య చోట్లు, మామ చోట్లు

ఆ రోజుల్లో మా జాలరిపేటలో కంప్యూటర్ ఉన్న ఇల్లు మాదొక్కటే అంటే అబద్ధమవుతుంది గానీ, అడగనివాళ్లకి కూడా కంప్యూటర్ పాఠాలు చెప్పే పిల్ల ఉన్న ఇల్లు మాత్రం మాదొక్కటే. ఆ పిల్లని నేనే. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను, ఇంట్లో ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఉంది (దాని మీద అమ్మ కప్పిన పూలగుడ్డ దానికంటే కొత్తది), ఇక లోకంలో నాకు రాని పని లేదనుకునేదాన్ని. మా అయ్యకి పడవ ఉంది. ఒడ్డున కొండలు కూడా కనబడనంత దూరంలో, నీటి అడుగున రాతి బండలుండి వంజరం చేపలు చేరే చోట్లు ఆయనకి ఇరవైమూడు తెలుసు. ఆ చోట్లు ఎక్కడున్నాయో చెప్పే అంకెలన్నీ పడవలోని జీపీఎస్ మిషన్‌లో ఉండేవి. "ఆ మిషన్ ఎప్పుడు సస్తాదో తెలీదయ్యా, నాను కంప్యూటర్లో పెట్టేస్తాను, ఇంక నువ్వు దేనికీ బెంగెట్టుకోకు" అని గొప్పలు పోయి, కూర్చుని అన్నీ ఎక్కించాను. పాపం, అయ్య నా మాట నమ్మి నిజంగానే బెంగ మానేశాడు.

మా పేటలో మంచి చోటు తెలిసినవాడు దాన్ని తోడబుట్టినవాడికైనా చెప్పడు. కానీ అమ్మకి అన్నయ్య ఉన్నాడు, మా రేడియో మామ (పొద్దున్న ఆయన చెవిన పడిన మాట సాయంత్రానికి పేటలో ఆఖరి ఇంటికి చేరేది). "బావా, ఆ సోట్లేవో నాకూ ఇయ్యరాదేటి?" అని ఏడాదిగా అయ్య ప్రాణం తీస్తున్నాడు. ఇవ్వనంటే ఇంట్లో అమ్మ ఊరుకోదు, ఇస్తే పేటంతా పంచినట్టే. అయ్య నన్ను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించి, "అంకెలు కూసింత అటూ ఇటూ సేసీయే" అన్నాడు. ఓస్, అంతేనా అనుకుని నేను ఉత్సాహంగా ఒక దొంగ ఫైలు తయారుచేశాను. అసలుదిలాగే కనబడాలని పేరు కూడా అదే పెట్టి, వేరే ఫోల్డర్లో దాచి, నా తెలివికి నేనే మురిసిపోయాను. వన్ టౌన్‌లో జిరాక్స్ షాపుకెళ్లి ప్రింటు తీయించి మామకిస్తే, ఆయన కళ్లకద్దుకుని లామినేషన్ చేయించుకున్నాడు.

ఆ వేసవిలో, వేట నిషేధం రెండు నెలలూ పడవ ఒడ్డునే ఉన్నప్పుడు, జీపీఎస్ మిషన్‌లోకి ఉప్పునీరు దిగి అది చచ్చిపోయింది. కొత్తది కొన్నాం గానీ అందులో అయ్య అంకెలు లేవు. "దిగులెందుకయ్యా, కంప్యూటర్లో లేవేటి?" అన్నాను. ఉన్నాయి. కాకపోతే అంతకు వారం ముందే నేను వైరస్ పట్టిందని కంప్యూటర్‌ని తుడిచేసి, పాత ఫైళ్లని పెన్‌డ్రైవ్ నుంచి ఒకసారి, సీడీ నుంచి ఒకసారి, స్నేహితురాలి హార్డ్‌డిస్క్ నుంచి ఇంకోసారి, ఒకదాని మీద ఒకటి తిరిగి ఎక్కించాను. పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టమంటావా అని అది అడిగినప్పుడల్లా, చదవకుండానే "అన్నిటికీ అవును" అని నొక్కాను. దాంతో ఏ ఫైలు ఏ ఫోల్డర్లోదో తెలియకుండా అన్నీ కలిసిపోయాయి. ఇప్పుడు వెతికితే "చోట్లు" అన్న పేరుతో ఏడు ఫైళ్లు తేలాయి. కంప్యూటర్ లోపలి గడియారం సెల్లు అయిపోవడంతో ఏడింటి మీదా ఒకటే తేదీ, అదీ నేను పుట్టకముందు తేదీ. ఎల్లుండి వేట మొదలు.

తేల్చకుండా కుర్చీ లేవనని కూర్చున్నాను. ఒక్కో ఫైలూ తెరిచి, అంకె పక్కన అంకె పెట్టి, ఒకేలా ఉన్నవాటిని కొట్టేసుకుంటూ వచ్చాను. రెండు సగానికి తెగిపోయి ఉన్నాయి, మూడు అచ్చంగా జిరాక్సులు. మధ్యాహ్నం అమ్మ ఎండుచేపల తట్ట దించి అన్నానికి పిలిస్తే "ఉండమ్మా" అన్నాను, సాయంత్రం టీకి పిలిచినా "ఉండమ్మా" అన్నాను. చివరికి రెండు మిగిలాయి. రెండింట్లోనూ ఇరవైమూడు చోట్లున్నాయి, అంకెలే వేరు. ఒకటి అయ్యది, ఒకటి మామది. ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి! అయ్య వెనక నిలబడి తెర వైపు చూశాడు.

"ఏటే, దొరికిందా?"

"దొరికిందయ్యా. రెండు దొరికాయి."

"అందులో నాది ఏదే?"

సముద్రం మధ్యకి వెళ్లి, ఏమీ లేనిచోట గేలాలు వేసుకుని కూర్చున్న అయ్యని తలుచుకుంటే ఏడుపొచ్చింది. అప్పుడే తట్టింది, చెడిపోని కాగితం ఒకటి ఉంది, మామ దగ్గర! దానితో కలిసేది దొంగది, కలవనిది అసలుది. ఆ మాట చెప్పగానే అయ్య మొహం మాడిపోయింది.

"బావ కాడికెల్లి ఏటని అడుగుతావే? మా దొంగ కాయితం ఓసారి ఇయ్యి మామా, అనా? పరువు తీసీకే. అవసరమైతే ఈయేడు ఊరికే ఉంటాను."

"దొంగ కాయితమేటి?" అంది వంటింట్లోంచి అమ్మ. (ఆ తర్వాత అమ్మ అన్నవి రాయడం బాగుండదు. "మా అన్నకా!" అన్నది మాత్రం పేటంతా వినబడింది.) ఆ గొడవలో నేను చెప్పులేసుకుని బయటపడ్డాను.

మామ ఒడ్డున పడవకి రంగు వేస్తున్నాడు. దారిలో మూడు అబద్ధాలు తయారుచేసుకున్నాను గానీ, ఆయన మొహం చూశాక ఒక్కటీ నోట రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసి తల దించుకున్నాను. మామ కుంచె పక్కన పెట్టి పకపకా నవ్వాడు.

"ఇన్నాల్లకి సెప్పినావా పిల్లా! నాకు మొదటి రోజే తెలిసిపోనాది. నీ మూడో నంబరు కాడికెల్తే ఏటున్నాదనుకున్నావ్? పోర్టుకొచ్చే పెద్ద ఓడలు లంగరేసుకునే సోటది. భోంయ్‌మని హారన్ కొట్టి తరిమీసినారు."

"మరి ఎవ్వరికీ సెప్పలేదేటి మామా?"

"ఏటని సెప్తానే? మా బావ నాకు దొంగ కాయితం ఇచ్చినాడనా? సిగ్గు ఆడికొక్కడికేనేటి, నాకు కాదా?"

"మరి ఆ కాయితం ఎందుకు దాసుకున్నావు?"

"ఎల్లకూడని సోట్లు తెలవాలి గదే!" అంటూ పడవలోంచి ఆ లామినేషన్ కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికొచ్చి పోల్చి చూస్తే ఒక ఫైలు ఆ కాగితంతో అంకె పొల్లుపోకుండా కలిసింది. దాన్ని తీసి పారేశాను. మిగిలింది అయ్యది. చంకలు గుద్దుకుంటూ ఆయనకి చెప్పాను, మామ అన్న మాటలన్నీ కూడా చెప్పాను. అయ్య గడప మీద కూర్చుని మామ లామినేషన్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రేపు పొద్దున్న వన్ టౌన్ ఎల్లి ప్రింటు తియ్యించు" అన్నాడు చివరికి. "రెండు తియ్యించు. రెండూ ఇదే."

ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక కంపెనీలో ఫైళ్లు కాపాడడమే నా ఉద్యోగం. ఎవరైనా తుడిచేసుకుని ఏడుపు మొహంతో వస్తే, ఓపికగా వెతికిపెడతాను, ఒక్కమాట కూడా అనను. అప్పట్లో, ఆ వేసవి సెలవులయ్యాక, అడగకుండానే పాఠాలు చెప్పే ఆ పిల్ల మాత్రం కాలేజీలో కనబడ్డవాళ్లందరికీ, కంప్యూటర్ని ఒక్కచేత్తో బాగుచేసిపారేశానని చెప్పుకుని తిరిగింది. పిచ్చిది, బాగుపడింది కంప్యూటరే అనుకుంది.