నాలుగు జీబీల తప్పు

మాస్టారు పోయారని కబురు వచ్చేసరికి నేను ఒక పెళ్ళి వీడియో ఎడిట్ చేస్తూ తలంబ్రాల దగ్గరున్నాను. ఫోన్ పక్కన పెట్టి తెర వైపు చూస్తే వధూవరులు నవ్వుకుంటూ బియ్యం పోసుకుంటున్నారు. ఆపడానికి చెయ్యి రాలేదు. అది దానంతటది అయిపోయేదాకా చూస్తూ కూర్చుని, అప్పుడు ఏడ్చాను.

అమలాపురంలో ఆయన కంప్యూటర్లు బాగుచేసేవారు. అంతకుముందు టైపు నేర్పేవారు కాబట్టి మాస్టారన్న పిలుపు అలాగే ఉండిపోయింది. నాచేత కంప్యూటర్ కొనిపించిందీ, ఇంటికొచ్చి బిగించిందీ ఆయనే. ఆయన మర్యాద ఎంతదూరమంటే, యంత్రాన్ని కూడా మీరనేవారు. మొరాయించిన కంప్యూటర్ ముందు కూర్చుని, ఏమండీ, ఎందుకలిగేరు అని అడిగేవారు. నాకు నవ్వాగేది కాదు. వచ్చీరాగానే స్క్రూడ్రైవర్ తీసే అలవాటు ఆయనకి లేదు. రోజూ చేసే పనే చెయ్యండి, నేను చూస్తాను అని వెనకాల కుర్చీ వేసుకుని కూర్చునేవారు. అరగంట అలా చూసేవారు. ఈలోగా మేమిచ్చిన టీ చల్లారిపోతే, ఆ చల్లటి టీయే గుటకేసి అప్పుడు పనిలోకి దిగేవారు. ఈయన బాగుచెయ్యడానికొచ్చేరా, సినిమాకొచ్చేరా అని మా అత్తగారు వంటింట్లో గొణిగేవారు.

నా కంప్యూటర్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఉన్న ఎనిమిది జీబీల ర్యామ్‌లోంచే తెర మీద బొమ్మల పనికి కొంత వాటా తీసి పెట్టాలి. మాస్టారు అర జీబీ పెట్టి వదిలేశారు. ఇంకాస్త ఎక్కువ పెట్టొచ్చు కదా అని నేను మారాం చేశాను.

"కాలవ నీరు ఒకటేనమ్మా. ఎగువోళ్ళు తూము మొత్తం ఎత్తేసుకుంటే శివారు చేను ఎండిపోతుంది. బొమ్మలకి మరీ అవసరమైతే కంప్యూటరే చూసి ఇస్తుంది లెండి, మనం ముందే కట్టబెట్టక్కర్లేదు" అన్నారు.

ఇందులో ఏదో జీవితసత్యం ఉందని మీరు వెతక్కండి. ఆయన ర్యామ్ గురించే చెప్పారు. జీవితం గురించి ఆయనెప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

విని ఊరుకుంటే నేనెందుకవుతాను? స్టూడియోలో ఉద్యోగం మానేసి సొంతంగా ఒప్పుకున్న మొదటి పెళ్ళి, కొత్తపేటలో ఒక కొబ్బరి వ్యాపారిగారి అమ్మాయిది. పెళ్ళికొడుకు ఆదివారం దోహా విమానం ఎక్కాలి. శనివారం సాయంత్రానికి వీడియో చేతిలో పెడతానని మాటిచ్చాను. ఆ మాట పోతే నన్ను నమ్మి ఇంకో పెళ్ళి ఇచ్చేవాళ్ళుండరు, మళ్ళీ స్టూడియో గుమ్మం ఎక్కడమే. అలాంటి వారంలో, గ్రాఫిక్స్‌కి సగం ర్యామ్ ఇచ్చేస్తే ఎడిటింగ్ పరిగెడుతుందని ఫోన్లో ఎవరో చెబుతుంటే చూశాను. వెంటనే సెట్టింగుల్లోకి వెళ్ళి అర జీబీని నాలుగు చేశాను. పరుగు మాట దేవుడెరుగు, ఉన్న నడక కూడా పోయింది. మిగిలిన నాలుగు జీబీలు చాలక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మధ్యలోనే మూసుకుపోయేది. నా తెలివి మీద నాకెంత నమ్మకమంటే, తప్పు అక్కడుందని తట్టనే లేదు. వీడియో ఫైళ్ళే పాడయ్యాయనుకున్నాను.

శనివారం పొద్దున్నే మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన వచ్చి వెనకాల కూర్చున్నారో లేదో, వీడియో ఎంతవరకొచ్చిందో చూద్దామని పెళ్ళికూతురి తండ్రి కూడా వచ్చేశారు. భారీ మనిషి. అరిచే రకం కాదు, అరిచినా బాగుండేది. ఆగిపోయిన పని చూసి, చేతకాకపోతే ముందే చెప్పాల్సిందండీ, అల్లుడుగారికి నేనేం చెప్పుకోను అన్నారు మెల్లగా. మాస్టారు ముందుకు వంగి, మెమరీ ఎంతుందో చూపించే చోటు తెరిపించారు. ఎనిమిదికి దగ్గరగా ఉండాల్సింది నాలుగు కూడా లేదు. నా ముఖంలోకి చూశారు. ఆయనకి అంతా అర్థమైపోయింది.

"తప్పు నాదండీ" అన్నారు వ్యాపారిగారితో. "గ్రాఫిక్స్‌కి నేనే ఎక్కువ పెట్టేసి మర్చిపోయేను. అమ్మాయి పనికి వంక లేదు. సాయంత్రానికి ఇచ్చేస్తారండీ."

అని కుర్చీలోంచి లేవకుండా, నాచేతే కంప్యూటర్ ఆపించి, నాచేతే ఆ వాటాని మళ్ళీ అర జీబీ చేయించారు. చీకటి పడకముందే వీడియో ఇచ్చాను.

అది చూసి నాకు వరసగా పెళ్ళిళ్ళు వచ్చాయి. మాస్టారికి మాత్రం అప్పటిదాకా చూస్తున్న వ్యాపారిగారి కొట్లో కంప్యూటర్ల పని పోయింది. పాపం పెద్దాయనకి మతిమరుపొచ్చిందండీ అని వ్యాపారిగారు నలుగురి దగ్గరా అనేవారు. ఒకసారి నా దగ్గరే అన్నారు. నిజం చెప్తే నా పేరు ఏమవుతుందోనని, ఆయ్ అని ఒప్పేసుకున్నాను. ఆ ఒక్క మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మాస్టారు మా ఇంటికి రావడం మానలేదు. ఆ రోజు సంగతి ఒకసారి నేనే ఎత్తబోతే, ఫ్యాను చప్పుడు చేస్తోంది, నూనె వేయించండమ్మా అని మాట తప్పించారు. నాకూ కావలసింది అదే, ఊరుకున్నాను.

మాస్టారి పెద్దకార్యానికి వెళ్ళాను. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్న వాళ్ళతో వ్యాపారిగారు అంటున్నారు, బంగారంలాంటి మనిషండీ, చివర్లో పని మీద పట్టు తప్పింది గానీ అని. నేను లేచి నిలబడ్డాను.

"మాస్టారికి ఏ మతిమరుపూ లేదండీ. ఆ రోజు నాలుగు జీబీలు పెట్టింది నేను. నా పని పోతుందని ఆయన మీదేసుకున్నారు."

వ్యాపారిగారు నా వైపు తిరిగారు.

"ఈ మాట ఆయనుండగా చెప్పాల్సిందండీ" అన్నారు.

వ్యాపారిగారు లేచి లోపలికి వెళ్ళారు. మాస్టారి పటం ముందు ఆగి, భుజం మీద కండువా తీసి చంకలో పెట్టుకుని, చేతులు జోడించారు. పూలు వెయ్యడానికి వచ్చినవాళ్ళు ఆయన్ని తప్పుకుని పక్కనుంచి చేతులు చాపుతున్నారు. ఆయన మాత్రం తల వంచుకుని, పెదవులు కదుపుతూ, అక్కడే నిలబడి ఉన్నారు.