సీతాఫల్‌మండిలో చెప్పని మాట

ముఖం చూసి మనసులో మాట చెప్పేస్తానని మా ఇంట్లో నాకు పేరు. ఆ ధీమాతోనే ఉదయం ఆరింటికి విజయవాడలో సికింద్రాబాద్ బండెక్కాను. ముప్పై ఏళ్ల కిందట ట్రైనింగ్ కాలేజీలో నా గదిలో ఉన్న ఫర్జానా వాళ్ల అమ్మ పోయి పన్నెండు రోజులైంది. సెలవులకు నన్నూ ఇంటికి రప్పించుకుని, తలకు నూనె రాసిన మనిషి ఆవిడ. జ్వరం వల్ల వెంటనే వెళ్ళలేకపోయాను.

ఎదురు సీటాయన ముఖం ముడుచుకుని కూర్చుంటే, ఇంట్లో గొడవపడి వచ్చాడని తేల్చేశాను. ఖమ్మం దగ్గర ఇడ్లీ పొట్లం అందిస్తే, "వద్దండీ, పన్ను నొప్పి" అన్నాడు. ఒకటి తప్పితే కొంపలేం మునగవు.

పన్నెండింటికి దిగి ఆటోలో సీతాఫల్‌మండి చేరాను. మా వైపు పరామర్శకు వెళ్తే గుమ్మంలోనే మెడ పట్టుకుని ఏడుస్తారు, మనమూ ఏడుస్తాం. నేను అందుకు సిద్ధపడే వెళ్ళాను. ఫర్జానా మాత్రం పొడి కళ్ళతో తలుపు తీసి, "ప్రయాణం మంచిగైందా? కూసో, అన్నం పెడ్త" అంది. తింటున్నంతసేపూ అమ్మ గురించి ఒకే మాట: "అల్లా ఇచ్చిండు, అల్లా తీస్కున్నడు."

ఆలస్యంగా వచ్చానని ఆమె మనసు విరిగిందని నాకు అర్థమైపోయింది. ముప్పై ఏళ్ల స్నేహం ఇంతటితో సరి అనుకుంటే ఏడుపొచ్చింది. మూడింటికి, మా ఆచారం ప్రకారం ఏమీ చెప్పకుండా లేచి వచ్చేశాను.

సికింద్రాబాద్ స్టేషన్‌లో నాలుగింటి బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా ఫర్జానా ఆయాసపడుతూ వచ్చింది.

"గంత కోపమేందే నా మీద? ఒక్క మాట చెప్పకుండ పోయినవ్!"

"కోపమా? మా వైపు చావు ఇంట్లో వెళ్ళొస్తానని చెప్పరే. మళ్ళీ అలాంటి పనికే రావాల్సొస్తుందని భయం. కోపం నీకే అనుకున్నా. ఒక్క కన్నీటి చుక్కైనా రాల్చలేదు."

"మా దాంట్ల గట్టిగ ఏడిస్తె పోయినోళ్లకు తక్లీఫ్ అంటరు. మూడు దినాలైనంక సబర్ జేయాలె, ఓర్సుకోవాలె. బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తున్న, సరోజా."

నా గొప్ప పేరు అక్కడే పోయింది. పోతే పోయింది. ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. బండి కూత వేసింది.

"గిదేం చావు ఇల్లు కాదు. జెర చెప్పి పో" అంది.

"వెళ్ళొస్తానే" అన్నాను. కిటికీలోంచి మళ్ళీ అన్నాను.

ఖాజీపేట దాటినా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. "పుట్టింటి నుంచి వస్తున్నారామ్మా? మీ ముఖమే చెబుతోంది" అంది పక్క సీటావిడ, ఎంతో నమ్మకంగా.

అవునన్నాను.