ఉప్పు మానిన శ్రమకాలం

సహోదరులారా, తొండియార్‌పేటలో ముప్పై ఏళ్లు తిరిగిన నా సొంత ఇంట్లోనే వంటగది గడప దాటడానికి భయపడిన రోజులు నాకున్నాయి. నేల ఊగేది, మూలన ఎవరో నిలబడి నన్నే చూస్తున్నట్టుండేది.

"అత్తా, ఆడ ఎవురూ లేరు, నీ చీర ఆరేసుండాది," అనేది నా కోడలు మేరీ. అది విని నాకు మతి పోతోందేమోనని ఇంకా బెదిరిపోయేదాన్ని.

ఆమెకు నేనొక సంగతి దాచాను. ఈస్టర్ దాకా శ్రమకాలం నలభై రోజులూ ఒక్కొక్కరం ఒక్కొక్కటి మానేస్తాం కదా, పోయిన ఏడు నేను ఎవరికీ చెప్పకుండా ఉప్పు మానేస్తానని మొక్కుకున్నాను. డెబ్బై రెండేళ్లదాన్ని, బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్ర ఏళ్లుగా మింగుతున్నదాన్ని, చప్పటి గంజి తాగుతూ, తల తిరిగినప్పుడల్లా చెంబుడు నీళ్లు తాగుతూ, నా భక్తికి నేనే మురిసిపోయాను.

నాలుగో వారం స్నానాలగది ముందు కూలబడ్డాను. గట్టిగా పడింది కూడా లేదు, అయినా తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి, ఒంట్లో ఉప్పు, అదే సోడియం, బాగా పడిపోయిందని, పెద్దవాళ్లకు మతి తడబడేదీ, తూలిపడేదీ దానివల్ల కూడానని, చాలాకాలం తక్కువగా ఉంటే ఎముకలూ గుల్లబారతాయని, అది సరికాకుండా ఆపరేషన్ చేయలేమని చెప్పింది.

"అవ్వా, ఇంట్లో ఏం తింటా ఉండారు?" అని అడిగింది.

చెబితే మొక్కు తప్పినట్టే, దేవుడు ఏం చేస్తాడో అని భయం. చిన్నప్పటి నుంచి చేసే ప్రార్థన మొదలుపెట్టాను, రెండో మాట గుర్తు రాలేదు. ఆయన పేరు కూడా మరచిపోతానేమోనని హడలిపోయాను.

"తండ్రీ, నిన్నే మరిపించే మొక్కు నాకెందుకు, క్షమించు," అని ఏడ్చి, మేరీ చెయ్యి పట్టుకుని అంతా చెప్పేశాను.

"ఇన్నాళ్లూ నాకు చెప్పకుండా ఎట్లుంటివి అత్తా?" అని అది కూడా ఏడ్చింది.

మాత్ర మార్చారు, నీళ్లు తగ్గించారు, సెలైన్ మెల్లమెల్లగా ఎక్కించారు. నాలుగో రోజు పొద్దున ఆ ప్రార్థన చివరి దాకా చెప్పగలిగాను. ఆ తర్వాతే ఆపరేషన్ జరిగింది, ఈ రోజు వాకర్ పట్టుకుని మీ ముందుకు నడిచొచ్చాను, మహిమంతా దేవునిదే.

పెద్దలారా, ఏదైనా మానేముందు ఇంట్లోవాళ్లకూ డాక్టర్‌కూ చెప్పండి, మన మతినీ ఎముకలనూ అడిగే దేవుడు కాదు ఆయన. నాలాగా భయాన్ని దాచుకున్నవాళ్లు మీలో ఉంటే ఆయనకు చెప్పుకోండి, వింటాడు. ఈ ఏడు నేను మేరీ దగ్గర దాపరికం మానేశాను, ఉప్పు మానడం కంటే ఇదే కష్టంగా ఉంది.