టికెట్టు లేనివాళ్ళ మర్యాద

డిపోలో ఆమెను అందరూ డేగమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, అయినా ఆ సంగతి ఆమెకు తెలుసు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడం ఆమె ఉద్యోగం. ఏదో ఒక మధ్య స్టాపులో మామూలు ప్రయాణికురాలిలా ఎక్కుతుంది. బస్సు కదిలాక సంచిలోంచి పాసు తీసి మెడలో వేసుకుంటుంది. ఇక టికెట్టు లేనివాడికి మూడినట్టే. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి అని డ్రైవర్లు చెప్పుకుంటారు.

ఆమెకొక పద్ధతుంది. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లు బెదురు చూపుల వాళ్ళ మీద పడతారు. అది ఒట్టి తెలివితక్కువ పని. బెదిరేవాళ్ళు పుట్టుకతోనే అంత. వాళ్ళ దగ్గర టికెట్టు చెమటకు తడిసి, నలిగి, చిరిగిపోయే స్థితిలో ఉంటుంది గానీ ఉంటుంది. అసలు టికెట్టు కొన్నవాడు విసుక్కుంటాడు. "ఇప్పుడే కదా లోపల పెట్టాను" అని సణుగుతూ జేబులన్నీ తడుముతాడు. హక్కుగా కూర్చున్నవాడు, వాడికి మర్యాదలతో ఏం పని? లేనివాడే లేచి ముసలమ్మకు సీటిస్తాడు. డేగమ్మకు దారి ఇస్తాడు, నవ్వుతాడు, ఎండలు ముదిరాయి కదండీ అంటాడు. అతి వినయం ధూర్త లక్షణమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సామెతను ఉద్యోగంలో పెట్టుకుని ఆమె ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చింది.

బయట ఇంత డేగ అయిన మనిషి ఇంట్లో మాత్రం అందరికీ అందుబాటులో ఉండే వస్తువు. స్నానాల గదిలో ఉంటే తలుపవతలి నుంచి రెండో సాక్సు ఎక్కడుందని అడుగుతారు. ఫోన్లో ఉంటే కొంగు పట్టుకు లాగుతారు. తడి తువ్వాలు మంచం మీదే పడేస్తారు, అదీ ఆమె పడుకునే వైపు. టూత్‌పేస్టు మూత ఆ ఇంట్లో ఎన్నడూ పేస్టు మీద ఉండి ఎరగదు. ఇద్దరూ ఆడపిల్లలే, పెద్దదానికి పదేళ్ళు, చిన్నది ఇంకా బడిలో అక్షరాలు దిద్దుతోంది. మొగుడు మందుల షాపులో పనిచేస్తాడు. ఏ మాత్ర ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీసిచ్చే ఆ పెద్దమనిషికి, ఇంట్లో ఉప్పు డబ్బా ముక్కుకు తగులుతున్నా కనబడదు. "ఏమే, ఉప్పెక్కడ?" అని వంటింట్లో నిలబడి కేకేస్తాడు.

ఈ గొడవలో ఆమెకంటూ మిగిలిన సొంత ఆస్తి ఒక ఊహ. మధ్యాహ్నం పూట ఖాళీ బస్సు. ఎండ పడని వైపు కిటికీ సీటు, పక్కన ఎవరూ లేరు, ఒళ్ళో సంచి కూడా లేదు. స్టాపులు వస్తుంటాయి, పోతుంటాయి, ఆమె దిగదు. ఎవరూ టికెట్టు అడగరు, సాక్సు అడగరు. పప్పు పొంగినప్పుడూ, చిన్నది చెప్పులోంచి మట్టి నేల మీద దులిపినప్పుడూ ఆమె కాసేపు ఆ బస్సెక్కి వస్తుంది. గాలిమేడలు కట్టేవాళ్ళున్నారు గానీ గాలిబస్సు కట్టుకున్నది ఈమె ఒక్కతే. ఒక ఆదివారం పొయ్యి మీద పొంగిన పాలు తుడుస్తూ ఆ ముచ్చట ఫోన్లో అక్కతో చెప్పుకుని నవ్వుకుంది కూడా.

ఆ వారంలోనే పెద్దదానికి మంచితనం పట్టుకుంది.

ముందు తిన్న కంచం తనే కడిగింది. డేగమ్మ చూసి, ఏదో పగలగొట్టి ఉంటుందిలే అనుకుని గాజు సామానంతా సరిచూసింది. అన్నీ ఉన్నాయి. మర్నాడు పిల్ల లేపకుండానే లేచింది, చెల్లెలి జడ వేసింది, తువ్వాలు తీగ మీద అంచులు కలిపి ఆరేసింది. ఆ మర్నాడు, డ్యూటీ నుంచి వచ్చిన తల్లికి మంచినీళ్ళు తెచ్చిచ్చి, "అలసిపోయావా అమ్మా?" అని నవ్వింది. రోజూ బస్సుల్లో చూసే నవ్వే అది.

ఇంకో తల్లి అయితే దిష్టి తీసి ఊరుకునేది. ఈమె కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. పిల్ల బడిసంచి దులిపి చూసింది, పెన్సిలు పొట్టు తప్ప ఏమీ రాలలేదు. మంచం కింద చూసింది. టీచరుకు ఫోన్ చేసి మాటల్లో మాటగా కూపీ లాగింది. అమ్మాయి బంగారం అండీ, ఈ మధ్య మరీ నెమ్మదిగా ఉంటోంది, గొడవే లేదు అని టీచరు మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుతో ఉన్న కాస్త నిద్రా పోయింది. చిన్నదాన్ని పక్కకు పిలిచి బిస్కెట్టు ఆశ పెట్టింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది, అక్క చెప్పొద్దంది అని బిస్కెట్టు వంక చూస్తూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

చెప్పొద్దంది అంటే చెప్పడానికేదో ఉందనేగా! మొగుడితో అంది. పిల్లలు బాగుంటే కూడా నీకు బాధేనా అని ఆయన పేపరు తిప్పాడు. ఆమెకు నిజంగా బాధే. నిన్నమొన్నటిదాకా కడుపునొప్పి వచ్చినా, కలొచ్చినా తన దగ్గరికే పరుగెత్తుకొచ్చే పిల్ల, పదేళ్ళకే తన ముందు నవ్వు మొహం తగిలించుకుని లోపల ఏదో దాచుకుంటోంది. ఇప్పుడు ఈ చిన్న దాపరికం పట్టుకోలేకపోతే రేపు పెద్దయ్యాక పిల్ల తన చేతికి అందదని ఆమె భయం. ఊళ్ళో వాళ్ళందరి గుట్టూ బస్సులో రట్టు చేసే మనిషికి, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట అప్పుడు అర్థమైంది.

ఇంతలో పాసు పోయింది.

అది తలుపు పక్కన మేకుకు వేలాడుతుంది. ఆ ఇంట్లో తన చోట తాను ఉండే వస్తువు అదొక్కటే. పొద్దున చూస్తే మేకు ఖాళీగా ఉంది. సంచి బోర్లించింది, వానకోటు జేబులు తిరగేసింది, చెత్తబుట్ట కూడా వెతికింది. పెద్దది పక్కనే తిరుగుతూ, అడక్కుండానే దుప్పట్లు ఎత్తి మరీ వెతికిపెట్టింది.

పాసు పోవడం డిపోలో చిన్న విషయం కాదు. అది చేతిలో ఉన్నవాళ్ళు ఏ బస్సైనా ఎక్కొచ్చు, ఎంత దూరమైనా పోవచ్చు, అడిగేవాడుండడు. కంట్రోలరు తల గోక్కుని, రేపటిదాకా వెతుకమ్మా, దొరక్కపోతే పైకి రాయక తప్పదు, కొత్తది ఇప్పిస్తాను గానీ నీ పేరు మీద మచ్చ పడుతుంది అన్నాడు. ఆ రోజుకు ఆమెను పోయిన సామాన్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. గొడుగులు మర్చిపోయినవాళ్ళూ, టిఫిన్ డబ్బాలు మర్చిపోయినవాళ్ళూ వచ్చి అడుగుతుంటే, తన వస్తువే పోగొట్టుకున్న మనిషి వాళ్ళకు గొడుగులు తీసిచ్చింది. ఎవరూ నవ్వలేదు గానీ, అందరూ నవ్వుతున్నట్టే ఆమెకు అనిపించింది.

గొడుగుల మధ్య కూర్చుని ఆలోచిస్తే ఆమె అనుమానం మరిది మీదికి పోయింది. ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగే రకం. పోయిన వారమే వచ్చి, "వదినా, నీకేంటి, ఊరంతా ఉత్తినే తిరగొచ్చు" అని ఆ మేకు వంక ఆశగా చూశాడు. మొగుడే తీసిచ్చుంటాడు, పిల్లలు చూసి ఉంటారు, నోరు మూయమని ఉంటాడు. అందుకే పెద్దదానికి ఆ వినయం, చిన్నదానికి ఆ కట్టుబాటు. ఒక్కో పోగూ కలిసి చక్కగా తాడు పేనుకుంది. ఇల్లు చేరేసరికి ఆమె దగ్గర కేసు సిద్ధంగా ఉంది.

సాయంత్రం మొగుణ్ణి నిలబెట్టి అడిగేసింది. ఆయన తమ్ముడి మీద ఒట్టు పెట్టుకున్నాడు, తర్వాత అది సరిపోదేమోనని తన మీద పెట్టుకున్నాడు. ఆయన తడబడిన కొద్దీ ఆమెకు నమ్మకం బలపడింది. నిజానికి ఆయన పుట్టుకతో బెదురు మనిషి. బస్సులో అయితే ఈ మొహాన్ని చూసీ చూడనట్టు దాటిపోయేది. ఇంట్లో ఆ తెలివి పనిచేయలేదు. అందరూ తిండికి కూర్చున్నాక పెద్ద అస్త్రం తీసింది. కంచాల్లోకి వడ్డిస్తూ, ఎవరి వంకా చూడకుండా, పోయిన పాసుతో ఎవరికీ లాభం లేదనీ, రేపు పొద్దున్నే పాతది రద్దు చేయించి కొత్తది తెచ్చుకుంటాననీ చెప్పింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది ఎవరో చూద్దామని ఆమె ఎత్తు.

మొగుడు హమ్మయ్య అనుకుంటూ కూర కలుపుకున్నాడు. చిన్నది అక్క వైపు తిరిగింది.

"అక్కా, కొత్తదిస్తే అమ్మ వెళ్ళిపోతుందా?"

పెద్దది దాని తొడ గిల్లింది. చిన్నది ఏడవలేదు. ఏడవకూడదని దానికి నేర్పినట్టుంది.

"ఎక్కడికి వెళ్ళిపోతాను?" అంది డేగమ్మ.

"ఆఖరి స్టాపుకి."

పెద్దది లేచి చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్ళింది. అట్టడుగున, తనకిక పట్టని, చెల్లెలికింకా పట్టని స్కూలు బూటు ఒకటుంది. దాని లోపలి అట్ట ఎత్తి పాసు తీసింది. తాడు చక్కగా చుట్టి ఉంది. తెచ్చి తల్లి కంచం పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

తర్వాత అంతా ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. ఆ ఆదివారం అమ్మ ఫోన్లో పెద్దమ్మతో, ఒకరోజు బస్సెక్కి కూర్చుంటాను, ఆఖరి స్టాపు వచ్చినా ఇక దిగను, పాసుంది కాబట్టి అడిగేవాడు కూడా ఉండడు అని చెప్పడం పెద్దది విన్నది. చివర్లో అమ్మ నవ్విన నవ్వు మాత్రం కుక్కరు కూతలో కలిసిపోయింది. వెళ్ళి నాన్ననడిగింది, అమ్మ వెళ్ళిపోతుందా అని. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, మీరిలా అల్లరి చేస్తే పోదా మరి అన్నాడు. ఆ సంగతి ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది. తేలు కుట్టిన దొంగలా కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. మిగతా ఇళ్ళలో అమ్మలు అలాంటి మాటలంటే పిల్లలు పట్టించుకోరేమో. ఈ పిల్లలకు ఊళ్ళో ఏ బస్సులోనూ ఎవరూ ఆపలేని అమ్మ ఉంది. అందుకని ముందు మంచిగా ఉండి చూశారు. అది చాలుతుందో చాలదో తెలియక పాసు దాచారు.

డేగమ్మకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా భయమేసింది. తన ఇంట్లో, తన కడుపున పుట్టిన పిల్లలు, టికెట్టు లేనివాళ్ళలా ఆమెకు దారి ఇస్తూ, నవ్వుతూ, ఎక్కడ దింపేస్తుందోనని బిక్కుబిక్కుమంటూ ఇన్నాళ్ళు గడిపారు. ఆమె ఆ నవ్వును సరిగ్గానే గుర్తుపట్టింది. దాని వెనక ఏముందో మాత్రం పట్టలేకపోయింది. చిన్నదాన్ని ఒళ్ళోకి లాక్కుని, నేనెక్కడికీ పోను, అది ఊరికే అనుకునే మాట అని చెప్పింది. చిన్నది వెంటనే నమ్మేసి, ఆగిపోయిన బిస్కెట్టు ఇప్పుడిస్తావా అని అడిగింది.

పెద్దది నమ్మలేదు. తినడం అయ్యాక కంచం పట్టుకుని సింకు దగ్గరికి పోయింది. డేగమ్మ వెనకే వెళ్ళి దాని చేతిలోంచి కంచం లాక్కుంది. పిల్ల చేతులు తుడుచుకోకుండా అక్కడే నిలబడింది.

"అమ్మా, ఆ బస్సులో మేమున్నామా?"

ఉన్నారు అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పిల్ల రెప్ప వేయకుండా ఆమె మొహంలోకి చూస్తోంది. ఆ చూపు ఎవరిదో ఆమెకు చెప్పక్కర్లేదు.

"లేరు," అంది.

"నాన్న?"

"నాన్నా లేడు. నేనొక్కదాన్నే."

పిల్ల వారం నుంచీ బిగదీసుకున్న భుజాలు కాస్త కిందికి దిగాయి.

"నాకూ ఉందమ్మా అలాంటిది. ఇల్లంతా నాదే. చెల్లి ఉండదు, నాన్న ఉండడు. నేను మీ మంచం మీద కూర్చుని బిస్కెట్లు తింటూ టీవీ చూస్తా. తల దువ్వుకోను."

డేగమ్మకు లోపల ఎక్కడో చురుక్కుమంది. పిల్లది ఉత్త ఊహే అని తెలిసీ అడక్కుండా ఉండలేకపోయింది.

"మరి నేనెక్కడికి పోయాను?"

"డ్యూటీకి," అంది పిల్ల, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు కాస్త విసుగ్గా. "సాయంత్రం వచ్చేస్తావుగా. నువ్వొచ్చేలోపల దుప్పటి మీద పొడంతా దులిపేయాలి నేను."

పిల్ల వెళ్ళిపోయింది. పోతూ పోతూ తడి చేతులు కర్టెనుకు తుడుచుకుంది. డేగమ్మ కుళాయి కట్టేయడం మర్చిపోయి నిలబడింది. ఇన్నేళ్ళుగా తను ఎక్కి దిగుతున్న ఆ బస్సంతా మనసులో వెతికింది. కిటికీ ఉంది, గాలి ఉంది, ఎండ పడని సీటుంది. అందులో సాయంత్రం కావడం మాత్రం ఎప్పుడూ లేదు. ఆ సంగతి అంతవరకూ ఆమెకే తెలియదు.